నర్సయ్య చిరునామా

"పద్నాలుగో పేజీలో ఆ ఎర్ర రంగు తీసెయ్ జయంతీ. భారం లేదని తేలిపోయాక ఇంకా ఎరుపెందుకు? గ్రీన్ పెట్టు" అన్నాడు చైతన్య, కుర్చీలో కూర్చోకుండానే.

టైము పదకొండున్నర. నాలుగింటికి కమిటీతో కాల్. ఇంకా ఆరు పేజీలు సరిచూడాలి. పొద్దున మదీనాగూడలో ఇంటినుంచి బయల్దేరేటప్పుడు అమ్మ పెట్టిచ్చిన ఇడ్లీలు డబ్బాలో అలాగే ఉన్నాయి. హైటెక్ సిటీలోని ఆ భవనం తొమ్మిదో అంతస్తులో, ఏసీ చలికి చున్నీ భుజాల చుట్టూ బిగించుకుని, జయంతి ఎర్రటి గడిని ఆకుపచ్చగా మార్చింది. ఒక్క నొక్కు. అంతే.

ఆ గడి కథ ఇదీ. భూమిలోంచి తవ్వి తీసే బొగ్గు, సున్నపురాయి, ఇనుపరాయి మీద వచ్చే పన్నులో గని ఉన్న రాష్ట్రానికి ఎంత, దేశమంతటికీ ఎంత అన్నది తేల్చడానికి ఒక కమిటీ వేశారు. రాయి మా నేలలోది, నూటికి ఎనభై మాకే రావాలని రాష్ట్రం తరఫువాళ్లు పట్టుబట్టారు. నేల ఎక్కడున్నా సంపద దేశానిది, గనులు లేని రాష్ట్రాల పిల్లలు కూడా బడికి పోవాలి కదా, సగానికి సగం పంచాలని ఢిల్లీ తరఫువాళ్లు బిగుసుకున్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే ఎనిమిది నెలలైనా తెగలేదు. ఆ లెక్కలు కట్టిపెట్టే పని జయంతి ఉద్యోగం చేసే కన్సల్టింగ్ కంపెనీకి వచ్చింది.

మొదటి ముసాయిదాలో ఇంకో మాట కూడా ఉంది. వాళ్లిద్దరూ పంచుకోవడానికి ముందే నూటికి ఇరవై రూపాయలు పక్కన తీసిపెట్టాలి. అవి గనులున్న మండలాలకు నేరుగా వెళ్లాలి. పాడైన నీళ్లకు, దుమ్ముకు పాడైన ఊపిరితిత్తులకు. దానికి ‘భారం వాటా’ అని పేరు పెట్టారు. అయితే ఒక షరతు. మచ్చుకు తీసుకున్న తొమ్మిది మండలాల్లో కలిపి కనీసం వెయ్యిమంది దుమ్ము రోగులు లెక్కలో తేలాలి. తేలకపోతే ఆ ఇరవై రద్దు, దాన్నికూడా ఇద్దరూ పంచేసుకోవచ్చు. ఎనిమిది నెలల్లో దేనికీ కలవని ఆ రెండు పక్షాలూ ఈ షరతుకు మాత్రం ఒక్క పూటలో తల ఊపాయి.

ప్రభుత్వ ఆరోగ్య పథకం జాబితాలు పేర్లు తీసేసి పంపితే, వయసు, రోగం, చిరునామా చూసి లెక్క కట్టింది జయంతి. తొమ్మిది మండలాలకూ కలిపి రెండు వందల పన్నెండు మంది. ఇంత తక్కువా అని మొదట తనే ఆశ్చర్యపోయింది. రెండుసార్లు సరిచూసుకుంది. అంకె మారలేదు.

చైతన్య వెళ్లిపోయాక, గాజు గోడ మీద రాసిన పాత లెక్కలు తుడవడానికి సక్కుబాయి వచ్చింది. ఆ అంతస్తులో ఊడ్చి, తుడిచి, కప్పులు కడిగే ముగ్గురిలో ఆమె పెద్దది. కాంట్రాక్టరు ఇచ్చే జీతం పన్నెండున్నర వేలు. నీలం రంగు యూనిఫాం కోటు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది.

"మేడం, జర ఒక్క నిమిషం. గీ కాయితం చదివి చెప్తరా? తెలుగే గని, మాకు సమజయ్యే తెలుగు గాదు."

జయంతి చదివింది. ‘సదరు దరఖాస్తుదారు ప్రభావిత గ్రామ నివాసి కానందున సహాయ నిధికి అనర్హుడిగా నిర్ణయించడమైనది.’ సక్కుబాయి మొగుడు నర్సయ్య పేరు. గని జిల్లాలో దుమ్ము రోగులకు ఇచ్చే లక్షన్నర సాయం కోసం, సొంతూరు రాళ్లగడ్డ అని రాసి ఆయన పెట్టుకున్న అర్జీకి వచ్చిన జవాబు అది.

"నర్సయ్య గారు రాళ్లగడ్డ మనిషి కాదంటున్నారు అక్కా."

సక్కుబాయి పకపకా నవ్వింది. "అయ్యో, గా ముచ్చట ఆయనకు చెప్పకున్రి. లగ్గమై ఇరవై ఏడేండ్లాయె, పొద్దుమాపు మా రాళ్లగడ్డ మా రాళ్లగడ్డ అని నా పానం తీస్తడు." నవ్వు మెల్లగా ఆగిపోయింది. "మరి ఏ ఊరోడంట?"

"మూసాపేట."

"ఆడ కిరాయికుంటున్నం గద మేడం. కిరాయికుంటే ఆ ఊరోళ్లమైపోతమా?"

"ఆధార్‌లో అలా ఉంది కదా అక్కా."

"అవునవును. మీరే గద మార్చిచ్చిన్రు" అంది సక్కుబాయి. ఆ గొంతులో నిందేమీ లేదు. చేసిన మేలును గుర్తుచేస్తున్నట్టే అంది. "నేను పొద్దుగాల దవాఖానల చూపిచ్చి గిటే తోల్కొచ్చిన. కింద గేటుకాడ కూసున్నడు. సగం దినం అడిగితే సూపర్‌వైజర్ రెండొందల నలభై కోస్తనంటడు. అందుకే ఈన్నే కూసోమన్న."

ఆమె తడిగుడ్డతో గాజు తుడుస్తూ ఉంది. జయంతి కళ్లు మాత్రం కాగితం మీదే నిలిచిపోయాయి.

ఫిబ్రవరిలో సంగతి. నర్సయ్యకు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ కావాలంటే, చిరునామా ఇక్కడిదై ఉంటేనే ఇస్తామన్నారు దవాఖానవాళ్లు. మీసేవకు మూడుసార్లు తిరిగి విసిగిపోయిన సక్కుబాయి జయంతిని అడిగింది. జయంతి లంచ్ మానేసి, ఇంటి కిరాయి పత్రం ఫోటో తీసి, ఇదే కంప్యూటర్‌లో అర్జీ నింపింది. పది రోజుల్లో కొత్త కార్డు వచ్చింది. సక్కుబాయి ఆ రోజు మిఠాయి డబ్బా తెచ్చింది. మనం కూర్చున్నచోటే ఒకరికి ఇంత సాయం చేయొచ్చా అని జయంతికి చాలా రోజులు తృప్తిగా అనిపించింది.

ఏప్రిల్‌లో రోగుల జాబితా చేతికొచ్చింది. అందులో చాలామందికి రెండు చిరునామాలున్నాయి. పాతది ఒక గడిలో, కొత్తది ఒక గడిలో. రెండూ ఉంచితే ఒకే మనిషి రెండుసార్లు లెక్కకొస్తాడు. ఏది ఉంచాలి? అప్పుడు జయంతికి తట్టింది నర్సయ్యే. ఆయన ఇప్పుడు ఉంటున్నది మూసాపేటలో కదా, కొత్తదే నిజం కదా అనుకుంది. ఒక్క వాక్యం రూలు రాసింది. ‘ఒక మనిషికి ఒకే చిరునామా, రెండుంటే కొత్తదే ఉంచాలి.’ పాత చిరునామాల కాలమ్ మొత్తం తీసేసింది. జాబితా చాలా క్లీన్‌గా ఉందని మీటింగ్‌లో చైతన్య అందరిముందూ మెచ్చుకున్నాడు.

సక్కుబాయి బకెట్ తీసుకుని వెళ్లిపోయింది. జయంతి ఏప్రిల్‌లో వచ్చిన అసలు ఫైలు తెరిచింది. మూసాపేట పిన్ కోడ్, మగ, నలభై ఎనిమిదేళ్లు, రాతి దుమ్ము రోగం, మార్చి పంతొమ్మిదిన చేరిక. ఆ తేదీ ఆమెకు గుర్తుంది. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు. సక్కుబాయి దవాఖానలో ఉండిపోవడంతో కేకు మరకలు రెండు రోజులు బల్లమీదే ఎండిపోయాయి. పేరు లేకపోయినా ఆ వరసలో ఉన్న మనిషి ఎవరో ఆమెకు తెలిసిపోయింది. పాత చిరునామా గడిలో రాళ్లగడ్డ అని ఉంది.

తీసేసిన కాలమ్‌ను మళ్లీ పెట్టింది. పాత చిరునామాతో లెక్క కట్టమంది. అర నిమిషం పట్టింది.

వెయ్యీ మూడు వందల ఎనభై ఆరు.

మూసాపేట, బోరబండ, మియాపూర్ గల్లీల్లోంచి పదకొండు వందల డెబ్బై నాలుగు మంది లేచి తమ ఊళ్లకు తిరిగి వెళ్లినట్టనిపించింది. వాళ్లను అక్కడ లేకుండా చేసింది గని యజమాని కాదు, రాష్ట్రం కాదు, ఢిల్లీ కాదు. తను. ఒక్క వాక్యంతో. అదికూడా ఒకరికి మంచి చేశానన్న ధీమాతో.

చైతన్య క్యాబిన్‌లో ఏదో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆమె ముఖం చూసి పెట్టేశాడు. మొత్తం విన్నాడు. చెడ్డవాడు కాదు. రెండు చేతులతో కళ్లు రుద్దుకున్నాడు.

"మెథడాలజీ పోయిన శుక్రవారమే ఫ్రీజ్ అయింది జయంతీ. కమిటీ తరఫున రామబ్రహ్మం గారు సంతకం పెట్టేశారు. ఇవాళ నాలుగింటికి కొత్త నంబర్ తీసుకెళ్తే ఏమంటారు? మిగతా పదమూడు పేజీలు కూడా ఇలాగే ఉన్నాయా అంటారు."

"కానీ ఇది తప్పు సార్."

"తప్పు కాదు, ఛాయిస్. కొత్త అడ్రస్ తీసుకోవడం స్టాండర్డే. ఎక్కడైనా అదే చేస్తారు."

"గని వదిలి ఇక్కడికి వచ్చేది రోగం వచ్చాకే కదా సార్. ఊళ్లో మందులుంటే ఎందుకొస్తారు? ఎంత ఎక్కువమంది జబ్బుపడితే ఊరు అంత ఆరోగ్యంగా కనిపిస్తుంది మన టేబుల్లో."

చైతన్య గొంతు తగ్గించాడు. "ఫుట్‌నోట్ పెడదాం. చివర్లో, చిన్న అక్షరాల్లో. చదివేవాడు చదువుతాడు. అంతకంటే గొడవ చేస్తే, ఆ కాలమ్ తీసిందెవరని అడుగుతారు. ఫైల్ హిస్టరీలో నీ పేరే ఉంది. ఉద్యోగంలో ఇంకా కన్ఫర్మ్ కూడా కాలేదు నువ్వు. నీకోసమే చెప్తున్నాను."

నీకోసమే అన్న మాట ఆమెకు లోపల ఎక్కడో హాయిగా తగిలింది. ఎవరికీ తెలియనక్కర్లేదు. ఆ హాయి తెలిసినందుకు వెంటనే సిగ్గేసింది.

ఒంటిగంటకు కిందికి దిగింది. సక్కుబాయికి అరగంట భోజనం టైము ఇచ్చారు. ఇద్దరూ కలిసి గేటు దాటారు. మెట్రో స్తంభం నీడలో, ఫుట్‌పాత్ అంచున పరిచిన నాపరాతి బండల మీద కూర్చున్నాడు నర్సయ్య. ఛాతీ పంజరంలా ఉంది. చొక్కా మాత్రం ఇస్త్రీది.

"రా బిడ్డ, కూసో. బండ సల్లగున్నది. మాదే."

"మీదేనా?"

"మా గుట్టది. సూడు... నీలం మీద తెల్ల గీత. మా పడమటి గుంతలనే పడ్తది... గిసొంటిది. నేను గొట్టిందే కావచ్చు, ఎవలకెరుక." నాలుగు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. "వాచ్‌మన్ ఈడ కూసోవద్దంటడు. నా బండ మీద నేను కూసుంటే... నీకేందిర అని అడుగుదామనుకున్న. దమ్ము సాలలే."

"దమ్ము లేకున్నా ముచ్చట్లకు తక్వ లేదు" అంది సక్కుబాయి, టిఫిన్ మూత విప్పుతూ.

పన్నెండేళ్లు సున్నపురాయి గనిలో డ్రిల్లింగు, ఆ తర్వాత తొమ్మిదేళ్లు కంకర మిషను. రోజుకు నాలుగు వందల యాభై కూలి. మూతికి కట్టుకోవడానికి కంపెనీ ఏడాదికి రెండు తువ్వాళ్లు ఇచ్చేదట. "ఒకటి నాకు, ఒకటి ఆమెకు" అన్నాడు నర్సయ్య, అదేదో సరసంలాగా. మూసాపేటలో వాళ్ల గల్లీలో పదకొండు ఇళ్లు ఆ గుట్టవాళ్లవేనట. "ఒకడు దగ్గుడు ఆపితే... ఇంకొకడు అందుకుంటడు. కోలాటం లెక్క."

జయంతి తలొంచుకుంది. "ఆ అడ్రస్ మార్చింది నేనే కదండీ. అందుకే మీ సాయం పోయింది. నా తప్పే."

"ఏం తప్పు? మార్చకపోతే మిషన్ ఇస్తుండెనా? ఎండాకాలంలనే పోతుంటి. నువ్వు మంచికే చేసినవ్. ఊకే పరేషాన్ గాకు."

"మళ్ల ఊరికి మార్పిస్తే పైసలొస్తయా మేడం?" సక్కుబాయి అడిగింది.

"రావచ్చు అక్కా. కానీ ఇక్కడ మిషన్ వెనక్కి తీసుకుంటారు."

మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సక్కుబాయి చేతిలో ముద్ద అలాగే ఆగింది. నర్సయ్యే ముందు తేరుకున్నాడు. "గదేంది మల్ల? మిషన్ ఊర్ల ఇయ్యరు. పైసలు ఈడ ఇయ్యరు. అయితే నన్ను... ఇద్దర్ని చెయ్యున్రి. ఒకణ్ని ఆడ పండబెడ్దాం, ఒకణ్ని ఈడ." నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఎంతకీ ఆగలేదు. సక్కుబాయి ఎడమచేత్తో వీపు రాస్తూ ఉండిపోయింది. దారినపోయే ఐడీ కార్డులవాళ్లు ఇద్దరు కొంచెం పక్కకు జరిగి నడిచారు.

దగ్గు తగ్గాక కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "పైన నువ్వేం పని చేస్తవ్ బిడ్డ? మా ఆమె కంప్యూటర్ అంటది గంతే."

"రాళ్ల మీద, బొగ్గు మీద వచ్చే పన్ను... రాష్ట్రానికెంత, దేశానికెంత అని లెక్క."

"అచ్ఛా! మంచి పనే. మరి ఎవలు గెలుస్తున్రు?"

"ఇద్దరూ" అంది జయంతి.

"మంచిదే. కొట్లాట లేకుంట అయిపోతే మంచిదే" అన్నాడు నర్సయ్య, నిజంగానే సంతోషపడి.

ఆమె తయారుచేసిన పట్టికలో ఆయన ఎక్కడున్నాడో చెప్పలేదు. లక్షన్నర సంగతికి తప్పు ఒప్పుకోగలిగింది గానీ, రాళ్లగడ్డ మొత్తాన్నీ ఆరోగ్యవంతమైన ఊరుగా రాసింది తనేనని ఆ మనిషి ముఖంలోకి చూసి చెప్పే ధైర్యం రాలేదు. ఆయన క్షమించేస్తాడని ఆమెకు తెలుసు. ఆ క్షమే వద్దనిపించింది. లిఫ్టులో పైకి వెళ్తున్నంతసేపూ చేతికి బండ చల్లదనం అంటుకునే ఉంది.

నాలుగింటికి పెద్ద తెర వెలిగింది. సాంకేతిక బృందానికి పెద్ద, ఆర్థిక శాఖలో రిటైరైన రామబ్రహ్మం ఒక గడిలో. రాష్ట్రం తరఫున వెంకటనారాయణ ఒక గడిలో. ఢిల్లీ అధికారులు నలుగురు ఇంకో గడిలో. చైతన్య మొదలుపెట్టాడు. పదమూడు పేజీలు సాఫీగా గడిచాయి. పద్నాలుగో పేజీ జయంతి చెప్పాలి. కింద కుడిపక్క ‘తయారు చేసినవారు: జయంతి’ అని ఉంది. దాని కింద, కంటికి ఆనని అక్షరాల్లో చైతన్య పెట్టిన ఫుట్‌నోట్.

ఆమె చెప్పాల్సింది ఒక్క ముక్క. ‘నమూనా మండలాల్లో ఆరోగ్య భారం చెప్పుకోదగినంత లేదు.’

తెరమీద ఆకుపచ్చ గడి ఉంది. అందరూ ఎదురుచూస్తున్నారు.

"చెప్పమ్మా" అన్నారు రామబ్రహ్మం. "రెండు వందల పన్నెండు. అంతే కదండీ? అయితే ఇరవై రద్దు. ముందుకు వెళ్దాం."

"కాదండి" అంది జయంతి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వెయ్యీ మూడు వందల ఎనభై ఆరు."

చైతన్య చేతిలోని పెన్ను బల్లమీద పెట్టేశాడు. ఆమె ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. రోగం వచ్చినవాళ్లు మందుల కోసం పట్నం వస్తారని, మందుల కోసమే చిరునామా మార్చుకుంటారని, పాత చిరునామాల కాలమ్ తీసేయడం వల్ల వాళ్లందరూ నగరం రోగులైపోయారని చెప్పింది.

"మరి ఆ కాలమ్ తీసేసిందెవరమ్మా?" అడిగారు రామబ్రహ్మం.

"నేనేనండి. రూలు రాసింది నేనే. ఎవరూ చెప్పలేదు."

ఆ మాట అనేస్తే గుండె తేలికవుతుందనుకుంది. కాలేదు. పైగా తెరమీద జరగకూడనిది జరగడం మొదలైంది.

వెంకటనారాయణ హుషారుగా ముందుకు వంగాడు. "గిది మా జిల్లాల మనుషుల సంగతి సార్. ఆళ్ల దవాఖాన ఖర్చు మా రాష్ట్రం పెడుతున్నది. అంటే భారం మాది. ఆ ఇరవై మా ఎనభైల కలపాలె. ఎనభై కాదు, వంద అడగాలె అసలైతే."

ఢిల్లీ నుంచి ఒకాయన ఇంగ్లీషులో అందుకున్నాడు. వలస ఒక రాష్ట్రం సమస్య కాదు, జాతీయ సమస్య. కాబట్టి ఈ వెయ్యీ చిల్లర మందిని జాతీయ ఖాతాలో చూపించాలి, ఆ ఇరవై కేంద్రం చేతిలోనే ఉండాలి అన్నాడు.

నిమిషం క్రితం లేని మనుషుల కోసం ఇప్పుడు ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. నర్సయ్యను అటొకరు, ఇటొకరు పట్టుకుని లాగుతున్నట్టనిపించింది జయంతికి. దానికి తాడు అందించింది కూడా తనే.

రామబ్రహ్మం చెయ్యెత్తి ఆపారు. ఆయనకు చీకాకుగా ఉంది. "వాదనలు తర్వాతండి. అమ్మాయ్, ఈ వెయ్యీ మూడు వందల చిల్లర ఇప్పుడు ఏదో ఒక గడిలో వెయ్యాలి కదా? రాష్ట్రం గడిలో వేస్తావా, దేశం గడిలో వేస్తావా? నువ్వు వేసెయ్, మిగతాది మేం చూసుకుంటాం."

"రెండిట్లోనూ వెయ్యనండి."

"అంటే?"

"వాళ్లు మీ ఇద్దరి పంపకంలో ఉన్నవాళ్లు కారండి. ఆ ఇరవై మీకంటే ముందు తీసిపెట్టాల్సింది. రోగం ఏ ఊళ్లో పట్టుకుందో ఆ ఊరికి నీళ్లు, ఆస్పత్రి. మనిషి ఎక్కడుంటే అక్కడికి మందులు, సాయం. ఒకటి ఇచ్చామని ఇంకొకటి లాక్కోకూడదు. అలా రాయండి. అప్పటిదాకా ఈ పేజీ నాది కాదు."

చైతన్య మెల్లగా, "జయంతీ, చాలు" అన్నాడు. అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది.

పేరు తీసేస్తే చేసిన పని పోదని ఆమెకు తెలుసు. ఏప్రిల్ నుంచి ఆ ఫైలు ఎన్ని చేతులు మారిందో, ఎన్నిచోట్ల ఆ రెండు వందల పన్నెండు ఎక్కిపోయిందో కూడా తెలుసు. అయినా, అందరూ చూస్తున్న ఆ తెరమీదే, కుడిపక్క మూలకు వెళ్లి తన పేరులోని ఒక్కో అక్షరాన్నీ చెరిపేసింది. ‘తయారు చేసినవారు’ అన్న మాట పక్కన ఖాళీ మిగిలింది.

ఢిల్లీ గడిలోంచి ఎవరో, మైకు ఆపి ఉందనుకున్నారో ఏమో, పక్కవాళ్లను హిందీలో అడగడం వినిపించింది.

"అయితే ఇప్పుడీ పేజీ ఎవరిది?"